ఆర్మీలో చేరి, ఎంపీ అవుతానంటున్నాడు

ప్రశ్న: మేం కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉంటున్నాం. ఇంకా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీదే ఉన్నాం. మావాడు పన్నెండో గ్రేడ్. స్కూల్లో ఒకప్పటి సైనికుడు, ఎంపీ డగ్లస్ జంగ్ మీద ప్రాజెక్టు చేసినప్పటి నుంచి ‘ఆర్మీలో చేరతా, ఆ తర్వాత ఎంపీ అవుతా’ అని పట్టుబట్టాడు. వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: నచ్చజెప్పే ముందు ఆ ప్రాజెక్టు మీరూ ఒకసారి చదవండి. మీవాడు మంచి మనిషినే ఎంచుకున్నాడు. కాకపోతే ఆ కథలో యూనిఫాం ఒక్కటే వాడి కంట పడినట్టుంది.

జంగ్ 1924లో విక్టోరియాలో ఓ చైనీస్ కుటుంబంలో పుట్టాడు. చైనీయుల వలసను కెనడా దాదాపు పూర్తిగా ఆపేసింది అంతకు ముందు ఏడాదే. అక్కడే పుట్టినా వాళ్లకు ఓటు లేదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఆ ఇళ్లలో పెద్ద వాదనే నడిచింది. ఓటే ఇవ్వని దేశం కోసం ప్రాణాలు ఎందుకివ్వాలని కొందరు, ముందు పోరాడితే రేపు హక్కు గట్టిగా అడగొచ్చని ఇంకొందరు. జంగ్ రెండో వైపు నిలబడ్డాడు. 1944లో ఒకనాగన్ సరస్సు ఒడ్డున బ్రిటిష్ రహస్య దళం ఫోర్స్ 136 కోసం శిక్షణ పొందిన చైనీస్ కెనడియన్లలో ఆయనొకడు. జపాన్ ఆక్రమించిన ప్రాంతాల్లో శత్రువు వెనకాల దిగి పనిచేయాలన్నది వాళ్ల పథకం. 1947లో ఓటు హక్కు వచ్చింది.

మీవాడు నిదానంగా చదవాల్సింది ఈ తర్వాతి భాగం. మాజీ సైనికులకు ఇచ్చే చదువు సాయంతో జంగ్ బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో చేరి, 1953లో లా పూర్తి చేశాడు. 1956లో బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర అసెంబ్లీ ఉపఎన్నికలో నిలబడి ఓడిపోయాడు. మరుసటి ఏడాదే వాంకూవర్ సెంటర్‌లో సాక్షాత్తు రక్షణ మంత్రి రాల్ఫ్ క్యాంప్నీని ఓడించి, కెనడాలో తొలి చైనీస్ ఎంపీ అయ్యాడు. 1962లో మళ్లీ ఓటమి. మొత్తం కలిపితే ఎంపీగా అయిదేళ్లు! ఓడిన మర్నాడు ఇల్లు గడవడానికి ఆయన చేతిలో లాయరు వృత్తి ఉంది. ‘ఓడిపోతే ఏం చేస్తావురా?’ అని మీవాణ్ని అడగండి. కోప్పడకుండా అడగండి, వాడి దగ్గర జవాబు ఉన్నా ఉండొచ్చు.

ఇక ఆర్మీ సంగతి. 2022 చివరి నుంచి పీఆర్ ఉన్నవాళ్లూ కెనడా సైన్యానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆఫీసర్‌గా వెళ్లాలనుకుంటే, డిగ్రీ ఫీజు సైన్యమే కట్టి, జీతం కూడా ఇచ్చే పథకం ఉంది. కింగ్‌స్టన్‌లోని రాయల్ మిలిటరీ కాలేజీలో చదివేవాళ్లలో చాలామంది ఆ దారిలో వచ్చినవాళ్లే. అయితే చదువయ్యాక కొన్నేళ్లు సర్వీసు చేసి తీరాలి, మధ్యలో వద్దనుకుంటే అంత తేలిక కాదు. పదిహేడేళ్ల కుర్రాడు ఒప్పుకునే ముందు ఆ షరతు పక్కన కూర్చుని చదివించాలి.

నేనైతే రిజర్వ్‌తో (పార్ట్‌టైమ్ సైన్యంతో) మొదలుపెట్టమంటాను. కాలేజీకి వెళ్తూనే వారంలో ఒక సాయంత్రం, నెలలో ఒకట్రెండు వారాంతాలు శిక్షణ ఉంటుంది. వాడికి ఆ బతుకు సరిపడుతుందో లేదో ఏడాదిలో తెలిసిపోతుంది. మీ దగ్గర్లోని రిజర్వ్ యూనిట్‌కు వాళ్లమ్మను కూడా తీసుకెళ్లండి. ఆవిడ భయాలకు మీరు చెప్పే సమాధానాలకన్నా అక్కడివాళ్లు చెప్పేవి బాగా పనిచేస్తాయి.

ఇంకో మాట. ఎంపీగా పోటీ చేయాలంటే పౌరసత్వం తప్పనిసరి. మీ దరఖాస్తు ఎంతవరకు వచ్చింది?