ఖాళీ పేజీ మీద సంతకం పెట్టకు, బిడ్డా

చిరంజీవి మేనకోడలికి,

మీ మేనత్త ఆశీర్వదించి రాసేది.

నువ్వు గెలిచావని అన్నయ్య ఫోన్ చేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఒకపక్క, భయం ఒకపక్క. ఎనిమిది వార్డుల ఊరికి నువ్వు సర్పంచ్‌వి! ఫోన్‌లో చాలా చెప్పాలనుకున్నాను గానీ, మీ ఇంటినిండా జనం, డప్పులు, ఒక్క మాటా సరిగా వినపడలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. 2019 ఫిబ్రవరి నుంచి 2024 జనవరి ఆఖరు దాకా అయిదేళ్లు మా ఊళ్లో ఆ బరువు మోసినదాన్ని. నాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు. నీకు నేను చెప్పాలి.

ముందు పుస్తకం సంగతి. పంచాయతీ ఆఫీసు బీరువాలో పొడుగాటి రిజిస్టరు ఒకటి ఉంటుంది. తీర్మానాల పుస్తకం. అందరూ మినిట్స్ బుక్ అంటారు. ఊరి డబ్బు ఖర్చు పెట్టాలంటే దానికి అందులో తీర్మానం ఉండాలి. నేను వచ్చిన మూడో నెలలో ఒక రోజు మీటింగ్ అయిపోయింది, బయట మబ్బు పట్టింది, మెంబర్లు ఒక్కొక్కరే లేస్తున్నారు. "సంతకాలు పెట్టి వెళ్లండి మేడమ్, నేను తర్వాత నీట్‌గా రాసుకుంటాను" అన్నాడు అప్పటి సెక్రటరీ. పేజీ పైన తేదీ ఉంది, హాజరైనవాళ్ల పేర్లున్నాయి, మధ్యలో అంతా ఖాళీ. నేను అడుగున సంతకం పెట్టాను. నన్ను చూసి మిగతావాళ్లూ పెట్టారు.

ఏడాది తర్వాత ఆడిట్ కోసం పుస్తకం తీస్తే ఆ పేజీలో ఆరు తీర్మానాలున్నాయి. అయిదు మేము మాట్లాడుకున్నవే. ఆరోది బోరు మోటారు రిపేరు. ఆ నెలలో ఆ బోరు మీద ఎవరూ చెయ్యి వేయలేదు. చివరి రెండు వరుసల్లో అక్షరాలు చిన్నగా, ఇరుకిరుకుగా, నా సంతకం మీదికి జారుతున్నట్టు ఉన్నాయి. సంతకం నాదే, కాదనడానికి లేదు. ఆ డబ్బు నేనే కట్టేశాను. కానీ 'సర్పంచమ్మ మోటారు పైసలు తిన్నది' అన్న మాట ఊళ్లో రెండేళ్లు నానింది. బోరింగు దగ్గర నేను కనబడగానే ఆడవాళ్లు మాట ఆపేసేవాళ్లు. అది తలచుకుంటే ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది.

అందుకే చెప్తున్నాను. మీటింగ్‌లో అనుకున్నది మీటింగ్‌లోనే రాయించు. ఎవరూ లేవకముందే గట్టిగా చదివించు. చివరి తీర్మానం కింద ఖాళీ మిగిలితే దాని మీద అడ్డంగా గీత కొట్టించి, ఆ గీతకు ఆనుకునే సంతకం పెట్టు. ఎవరైనా మెంబరు ఒప్పుకోకపోతే ఆ సంగతి కూడా రాయించు, దాచకు. తర్వాత ఆ పేజీని నీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకో. ఆలస్యమవుతుందని విసుక్కుంటారు. విసుక్కోనీ.

సెక్రటరీలంతా అలాంటివాళ్లని అనుకోవద్దు. తర్వాత మా ఊరికి వచ్చిన అమ్మాయి తెల్లవారకముందే స్కూటీ మీద వచ్చి, మోరీలు తీసే చోట నిలబడేది. చంటిపిల్లను వాళ్లమ్మ దగ్గర వదిలి వచ్చేది. పైనుంచి రోజూ ఏదో ఒక రిపోర్టు అడుగుతూనే ఉంటారు వాళ్లను. నీ సెక్రటరీని గౌరవంగా చూడు, అన్నం వేళకు అన్నం తిన్నారా అని అడుగు. పుస్తకం మాత్రం నీ కళ్లముందే రాయించు.

ఇప్పుడు చెక్కుల సంగతి. మన తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకమూ ఉండాలి. మీ ఉప సర్పంచ్ అవతలి వర్గమని అన్నయ్య అన్నాడు. దానికి టెన్షన్ పడకు. చాలా ఊళ్లలో ఈ ఒక్క చోటే పని ఆగిపోతుంది. ఇద్దరికీ పడక కార్మికుల జీతాల చెక్కు నెలలు నెలలు బీరువాలోనే ఉండిపోతుంది. చెక్కు రాసి పంపించి సంతకం పెట్టమనకు. పని మొదలుపెట్టే ముందే ఆయన్ని తీసుకెళ్లి ఆ మోరీ, ఆ గుంత చూపించు. తన కళ్లతో చూసిన పనికి అడ్డం పడటం ఎవరికైనా కష్టం. ఇక కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం డబ్బు ఆన్‌లైన్‌లోనే పోతుంది, దానికి నీ పేరు మీద డిజిటల్ కీ ఇస్తారు. చూడ్డానికి పెన్‌డ్రైవ్ లాగా ఉంటుంది. అది కూడా నీ సంతకమే. దాన్ని, పాస్‌వర్డ్‌ను కంప్యూటర్ ఆపరేటర్ దగ్గర వదిలేసి రావద్దు. నీ మంగళసూత్రం ఎవరి దగ్గరైనా వదిలి వస్తావా?

అల్లుడి గురించి ఒక మాట రాయాలి, కోపం తెచ్చుకోవద్దు. మన దగ్గర సగం సీట్లు ఆడవాళ్లకు ఇచ్చారు. కానీ ఎన్నో ఊళ్లలో కుర్చీలో కూర్చునేది భర్తే. మా ఇంట్లోనూ మొదటి నెల అదే జరిగింది. మీ మామయ్య ఏ దురుద్దేశంతోనూ చేయలేదు, నేను భయపడుతున్నానని ముందుకొచ్చాడు. కానీ జనం ఆయన్నే 'సర్పంచ్ సాబ్' అనడం మొదలుపెట్టారు. ఒక రోజు నేను చాయ్ గ్లాసులు పట్టుకుని నా ఆఫీసు గుమ్మంలోనే నిలబడ్డాను, లోపల నా కుర్చీ ఖాళీ లేదు. ఆ రాత్రి ఆయనతో మెల్లగా చెప్పాను. మర్నాటి నుంచి ఆయన నన్ను బండి మీద దింపి, పొలానికి వెళ్లిపోయేవాడు. అల్లుడు మంచివాడు, చెప్తే వింటాడు. కానీ మొదటి నెలలోనే చెప్పు. ఆరు నెలలయ్యాక చెప్తే అలిగే అవకాశం ఎక్కువ.

గ్రామసభ దగ్గరికి వద్దాం. చట్టం ప్రకారం రెండు నెలలకోసారి పెట్టాలి. ఎంతమంది రావాలన్నది ఓటర్ల సంఖ్యను బట్టి ఉంటుంది, మీ ఊరికి ఎంతో సెక్రటరీని అడిగి నోట్ చేసుకో. చాలామంది పొద్దున పదకొండింటికి పెట్టి, పదిహేను మందితో ముగించి, రిజిస్టరు ఇళ్లకు పంపి సంతకాలు చేయిస్తారు. నువ్వు ఆ పని చేయకు. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో పొద్దున ఎవరొస్తారు? సాయంత్రం కూలీ నుంచి వచ్చి, స్నానాలు చేసి, బియ్యం పొయ్యి మీద పెట్టే వేళకు ముందు పెట్టు. బడి ఆవరణ అయితే బాగుంటుంది. ఒకరి అరుగు ముందు పెడితే ఇంకొకరు రారు. డప్పు చాటింపు ఎస్సీ వాడలో, తండాలో ముందు వేయించు.

సభలో ఆడవాళ్లు వెనకాల గోడకు ఆనుకుని కూర్చుంటారు. మైకు ముందే ఉంటే వాళ్లెవరూ లేచి రారు. మైకు పట్టుకుని నువ్వే వాళ్ల దగ్గరికి వెళ్లు. ఒకసారి నేను అలా వెళ్తే, ఎప్పుడూ నోరు విప్పని ఒక ముసలామె "మా వీధి చివర నల్లా నీళ్లు ఎర్రగా వస్తున్నై బిడ్డా, మూడు నెలలైంది" అంది. మరునాడు తవ్వించి చూస్తే పైపు మోరీలోనే పగిలి ఉంది. అదే వీధిలో పిల్లలకు వాంతులు విరేచనాలు ఎందుకవుతున్నాయో అప్పుడు అర్థమైంది మాకు. ఆ ఒక్క మాట కోసం ఎన్ని సభలు పెట్టినా తక్కువే.

డబ్బు గురించి కొంచెం కఠినంగానే చెప్తాను. మీ ఊరు రెండేళ్లకు దగ్గరగా ప్రత్యేకాధికారి చేతిలో ఉంది, పాలకవర్గం లేక కేంద్రం నుంచి రావలసినవీ ఆగాయి. అన్నీ ఒకేసారి చేయాలనిపిస్తుంది. జనం కూడా అడుగుతారు. పదిహేనో ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి, దాన్ని సీసీ రోడ్డు మీద పోయలేవు. ట్రాక్టర్ డీజిలు, కార్మికుల జీతాలు, కరెంటు బిల్లు పోగా మిగిలేది ఎంతో ముందు కాగితం మీద వేసుకో. ఇంటి పన్ను అడగడానికి మొహమాటపడకు, ముందు నీ ఇంటి పన్ను కట్టి రసీదు గోడకు అంటించు. అంతేగానీ మిత్తికి తెచ్చి పని చేయించకు. నేను చేశాను. బిల్లు రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అన్నారు. నాలుగు తులాల గాజులు తాకట్టు పెట్టి శ్మశానవాటిక గోడ పూర్తి చేయించాను. పదవి అయిపోయినా ఆ బిల్లు పూర్తిగా రాలేదు. ఊరి కోసమే కదా అనుకుంటాం, కానీ ఆ మిత్తి నీ పిల్లల నోటి దగ్గరి ముద్ద.

స్టాండింగ్ కమిటీలు, కోఆప్షన్ మెంబర్ల (ఎన్నిక లేకుండా పంచాయతీలోకి తీసుకునేవాళ్ల) సంగతి శిక్షణలో వివరంగా చెప్తారు, శ్రద్ధగా విను. ఇళ్ల జాగా తగాదాల్లో మాత్రం తీర్పులు చెప్పకు, కాగితాలు ఎక్కడ చూపించాలో చెప్పి పంపించు.

సంక్రాంతికి ఎలాగూ పుట్టింటికి వస్తావు కదా, నేనూ వస్తున్నాను. మొదటి మీటింగ్ తీర్మానాలు ఫోన్‌లో ఫొటోలు తీసుకుని రా. నా కళ్లద్దాలు మార్చాను, చిన్న అక్షరాలూ కనబడుతున్నాయి. ఇద్దరం కూర్చుని ప్రతి వరుసా చదువుదాం.

ఇట్లు,
మీ మేనత్త