మీ అన్నయ్యతో అనలేని మాటే ఆఫీసులోనూ అడ్డం పడుతోంది

ప్రశ్న: నా వయసు 41. ఒక సంస్థలో నెలవారీ నివేదికలు తయారుచేసే విభాగం నా చేతిలో ఉంది. మూడేళ్ల క్రితం ఒక కుర్రాడు నా దగ్గర చేరాడు. చురుకైనవాడు. సొంత తమ్ముడిలా చూసుకున్నాను. అతని నివేదికల్లో పొరపాట్లు ఉంటే రాత్రి కూర్చుని నేనే సరిచేసి పైకి పంపేవాణ్ణి తప్ప ఒక్క మాట అనలేదు. ఏటా పనితీరు సమీక్షలో ‘తెలివైన ఉద్యోగి’ అని రాశాను. ఈసారి పదోన్నతికి అతని పేరు వచ్చినప్పుడు పై అధికారి గుచ్చి గుచ్చి అడగడంతో ఉన్నదంతా చెప్పాల్సి వచ్చింది. పదోన్నతి ఆగిపోయింది. ఆ తర్వాత అతన్ని పిలిచి మూడేళ్ల పొరపాట్లూ ఒకే గంటలో ఏకరువు పెట్టాను. గొంతు కూడా పెంచాను. ‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు సార్?’ అని మాత్రం అడిగాడు. ఇప్పుడు వేరే విభాగానికి బదిలీ కోరుతున్నాడు. ముందు పొగిడి, మధ్యలో తప్పు చెప్పి, చివర మళ్లీ పొగిడితే ఎవరూ నొచ్చుకోరని శిక్షణలో విన్నాను. ఎదుటివారిని నొప్పించకుండా తప్పులు చెప్పడానికి ఎలాంటి మాటలు వాడాలో చెప్పండి. మాట పడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాన్న పోయాక నన్ను చదివించింది మా అన్నయ్యే. ఇప్పటికీ నలుగురిలో నన్ను తీసిపారేస్తాడు. నేను తిరిగి ఒక్క మాట అనలేదు. నేను మాత్రం ఎవరినీ అలా అనకూడదని చిన్నప్పుడే నిశ్చయించుకున్నాను.

జవాబు: మీరు అడిగిన మాటలు నేను రాసివ్వను. మాటలు దొరక్క మీరు మూడేళ్లు ఊరుకోలేదు. ఇంత స్పష్టంగా ఉత్తరం రాయగలిగిన మనిషికి ‘ఈ అంకెను గత నెలదానితో పోల్చి చూడు’ అని చెప్పడం రాదంటే నమ్మను. ముందొక పొగడ్త, వెనకొక పొగడ్త అనే ఆ పద్ధతిని కూడా పక్కన పెట్టేయండి. రెండుసార్లు అలా చేస్తే, మూడోసారి మీరు మెచ్చుకోగానే వినేవారి గుండె జారుతుంది, వెనక ఏదో వస్తోందని. మెచ్చుకోలుకు విలువ పోతుంది, మధ్యలో ఇరికించిన అసలు విషయం చెవికెక్కదు.

ఉత్తరం చివర మీ అన్నయ్యగారి గురించి నాలుగు ముక్కలు రాశారు. మాటల సందర్భంలో వచ్చినట్టు రాశారు గానీ, నాకు మీ కష్టమంతా అక్కడే కనిపించింది.

తప్పు చెప్పడమంటే ఆయన చెప్పినట్టు చెప్పడమేనని మీ మనసులో నాటుకుపోయింది. వేరే తీరులో ఎవరైనా మీ తప్పును మీకు చెప్పగా మీరు విన్నట్టు లేరు. అందుకే మీకు రెండే దారులు తెలుసు. ఒకటి నోరు మూసుకోవడం, రెండోది ఆయనలా మాట్లాడటం. మూడేళ్లు మొదటి దారిలో నడిచారు. ఆ ఒక్క గంటలో రెండో దారి పట్టారు. ఎవరిలా ఉండకూడదని చిన్నప్పుడే అనుకున్నారో ఆ రోజు ఆ గదిలో అచ్చం ఆయనలాగే మాట్లాడారు. ఇది మీకు బాధ కలిగిస్తుందని తెలిసే రాస్తున్నాను.

మీ మౌనాన్ని మీరు దయ అనుకున్నారు. నేను అలా అనుకోను. ఆ కుర్రాడి వైపు నుంచి ఒకసారి చూడండి. నివేదిక పంపాడు. అది పైకి వెళ్లింది. ఎవరూ వెనక్కి పంపలేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఏడాది చివర తెలివైనవాడని కాగితం మీద వచ్చింది. తన పని బాగుందని అతను నమ్మడంలో తప్పేముంది? మీరు రాత్రిళ్లు దిద్దిన ప్రతి నివేదికా అతను నేర్చుకోవాల్సిన ఒక పాఠం. అది అతని కంటపడకుండా మీ దగ్గరే ఆగిపోయింది. మూడేళ్ల అనుభవం ఉందని కాగితం మీద ఉంటుంది, చేతిలో మాత్రం అంత పనితనం లేదు. ఈ నష్టం జీతం మీద పడింది, పదోన్నతి మీద పడింది, అంతకన్నా ఎక్కువగా అతనికి తన మీద ఉన్న నమ్మకం మీద పడింది. ‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు సార్?’ అన్న ప్రశ్నలో కోపం కన్నా మోసపోయిన బాధే ఎక్కువ ఉంది.

సొంత తమ్ముడిలా చూసుకున్నానని రాశారు. ఇంట్లో తమ్ముడి పొరపాటును కడుపులో దాచుకుంటాం, అక్కడ అది చెల్లుతుంది. ఆఫీసులో అతను మీ తమ్ముడు కాడు. తన పేరు మీద తన పని చేసుకుంటున్న ఉద్యోగి. తన పని ఎక్కడ నిలబడిందో ఎప్పటికప్పుడు తెలుసుకునే హక్కు అతనికి ఉంది, చెప్పాల్సిన బాధ్యత మీది. ఆ బాధ్యతకు కూడా కలిపే సంస్థ మీకు జీతం ఇస్తోంది.

ఏదో ఒకటి చెప్పేస్తే చాలు, మనిషి బాగుపడతాడని కూడా అనుకోకండి. అవ్రహం క్లుగర్, ఏంజెలో డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి, 600కు పైగా ఫలితాలను పరిశీలించి 1996లో ప్రచురించారు. మొత్తం మీద పనితీరు మెరుగుపడిన మాట నిజమే. కానీ మూడింట ఒక వంతుకు మించిన సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పని అంతకుముందుకన్నా దిగజారింది. వాళ్లు చూపిన కారణం మీ ఇంటి కథకు సరిగ్గా సరిపోతుంది. మాట పని మీద నిలిచినంతసేపూ మేలు చేస్తుంది. వినేవాడి ధ్యాస పని మీంచి జారి ‘నేనెలాంటివాణ్ణి, నన్నెంత తక్కువగా చూస్తున్నారు’ అన్న దిగులు మీదికి మళ్లిందంటే ఆ మేలు తగ్గిపోతుంది. నలుగురిలో తీసిపారేసే మాట ఎప్పుడూ మనిషి మీదికే పోతుంది. అందుకే ఇన్నేళ్లుగా అన్నయ్యగారి మాటలు మిమ్మల్ని కుంగదీశాయే గానీ, వాటినుంచి మీరు నేర్చుకున్నది ఏమీ లేదు. మీరు రాసిన ‘తెలివైన ఉద్యోగి’ కూడా మనిషి మీది మాటే. వినడానికి తియ్యగా ఉంటుంది, రేపు పనిలో ఏం మార్చుకోవాలో మాత్రం చెప్పదు.

ఇకమీదట ఎవరి నివేదికనూ రాత్రి కూర్చుని మీరు దిద్దకండి. గుర్తులు పెట్టి వెనక్కి పంపండి. అదే రోజు, లేదా మర్నాడు, తలుపు వేసి ఇద్దరే కూర్చోండి. ముందు అతన్నే అడగండి, ఇందులో నీకు బలహీనంగా అనిపించిందేమిటని. చాలాసార్లు సగం వాళ్లే చెబుతారు. తర్వాత మీరు చూసింది చూసినట్టు చెప్పండి: ‘నాలుగో పేజీలో అంకెను గత నెలదానితో పోల్చలేదు. తేడా ఎందుకు వచ్చిందని పైవాళ్లు అడిగితే మన దగ్గర జవాబు లేకపోయింది. వచ్చే నెల ఆ పోలిక చేశాకే పంపు.’ అక్కడితో ఆగండి. ‘నీకు శ్రద్ధ లేదు’ అన్న మాట దానికి తగిలించారంటే, అతను ఇంటికి మోసుకెళ్లేది ఆ మాట ఒక్కటే. ఒక్కసారికి ఒకటి రెండు విషయాలు చాలు. పని బాగున్నప్పుడు కూడా ఏది, ఎందుకు బాగుందో అంతే వివరంగా చెప్పండి, అప్పుడు దాన్ని మళ్లీ చేయడం అతనికి తెలుస్తుంది. వార్షిక సమీక్షలో ఉద్యోగి మొదటిసారి వినే మాట ఒక్కటి కూడా ఉండకూడదు. అక్కడ విని ఆశ్చర్యపోయాడంటే, ఏడాదంతా మీరు మీ పని చేయలేదన్నమాట.

ఈ వారంలోనే ఆ కుర్రాణ్ణి కలవండి. ఆలస్యం చేయకండి. ఎప్పటికప్పుడు చెప్పకపోవడం నా తప్పు, గొంతు పెంచడం కూడా నా తప్పు అని సంజాయిషీలు కలపకుండా చెప్పండి. తర్వాత ఇంకొకటి. డేవిడ్ యేగర్, జెఫ్రీ కోహెన్ తదితరులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థుల వ్యాసాలను ఉపాధ్యాయులు దిద్ది ఇచ్చారు. కొందరికి ఇచ్చిన చీటీలో, నీ నుంచి ఎక్కువ ఆశిస్తున్నాను, నువ్వు అందుకోగలవని తెలుసు కాబట్టే ఈ దిద్దుబాట్లు అన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. వాళ్లలో ఎక్కువమంది వ్యాసాన్ని తిరగరాశారు. ముఖ్యంగా ఉపాధ్యాయుల మీద నమ్మకం సడలిన నల్లజాతి విద్యార్థుల్లో ఆ తేడా బాగా కనిపించింది. మీ కుర్రాడికి కూడా మీ మీద నమ్మకం పోయింది. అతను ఎదగగలడని మీరు నిజంగా నమ్మితే ఆ మాట నోరు తెరిచి చెప్పండి. నమ్మకపోతే చెప్పకండి, అతను పసిగట్టేస్తాడు. అంతా విన్నాక కూడా బదిలీయే కావాలంటే అడ్డుపడకుండా సంతకం పెట్టండి.

మీ పై అధికారి దగ్గరికి కూడా వెళ్లాల్సిందే. అతని లోపాలు చెప్పి పదోన్నతి ఆగడానికి కారణమయ్యారు. ఆ లోపాల గురించి మూడేళ్లుగా అతనికి ఒక్క మాట కూడా చెప్పలేదన్న సంగతి చెప్పారా? ఉత్తరంలో ఆ ఊసు లేదు. అది రాతపూర్వకంగా ఇచ్చి, వచ్చే విడతలో అతని పేరు మళ్లీ పరిశీలించమని కోరండి. మీ పరువు కొంత తగ్గవచ్చు. తగ్గనివ్వండి.

ఇక అన్నయ్యగారి సంగతి. ఆయన మిమ్మల్ని చదివించారు. ఆ రుణం తీరేది కాదు, తీర్చమని ఆయన అడగనూ లేదు. కానీ చదివించినవాడు నలుగురిలో చులకన చేస్తే పడి ఉండాలన్న లెక్క ఏ కుటుంబంలోనూ న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. పెద్దరికానికి తల వంచుతాం, అవమానానికి వంచనక్కర్లేదు. మీరు ఎదురు చెప్పకపోవడాన్ని గౌరవం అనుకుంటూ వచ్చారు. ఆ కుర్రాడి విషయంలోనూ మౌనానికి ఇలాంటి మంచి పేరే పెట్టుకున్నారు. నిజానికి మీరు ఇద్దరికీ చేసింది ఒకటే. ఆయన ఏ మాట మిమ్మల్ని ఎంత కోసిందో ఒక్కసారి కూడా చెప్పకుండా, ఏళ్ల తరబడి మనసులో పద్దు రాసుకుంటూ వచ్చారు. తన మాట మీకు తగులుతోందని ఆయనకు తెలియకపోవచ్చు కూడా. ఆ పద్దు కూడా ఏదో ఒక రోజు ఒక గంటలో బయటపడుతుంది, అదీ అందరి ముందు. అప్పుడు ఆయన అడిగేది కూడా ఆ కుర్రాడు అడిగిన ప్రశ్నే.

కాబట్టి అంతదాకా రానివ్వకండి. ఆయన ఒంటరిగా, తీరిగ్గా ఉన్న సమయం చూసుకుని వెళ్లండి. చిన్నప్పటి నుంచీ జరిగినవన్నీ తవ్వకండి. ఈ మధ్య జరిగిన ఒక్క సంఘటన తీసుకోండి. ‘అన్నయ్యా, మొన్న అందరం కూర్చున్నప్పుడు నేను తీసుకున్న నిర్ణయాన్ని తెలివితక్కువ పని అన్నావు. నా పిల్లలు అక్కడే ఉన్నారు. వాళ్ల ముఖం చూడలేకపోయాను. నేను తప్పు చేస్తే తప్పకుండా చెప్పు, నీకా హక్కుంది. పక్కకు పిలిచి చెప్పు.’ జరిగింది మీకు తెలుసు, దానికి తగ్గట్టు మాటలు మార్చుకోండి. ఆయన కోప్పడవచ్చు, ఇన్నాళ్లు చేసింది మరిచిపోయావా అనవచ్చు. మరిచిపోలేదని చెప్పండి, అడగాల్సింది మళ్లీ అడగండి. కొన్నాళ్లు మాట్లాడకపోయినా మీ రాకపోకలు మానకండి. వదినగారి ద్వారా కబురు పెట్టి తప్పించుకోకండి, మీరే వెళ్లండి.