రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకు కొత్త టైర్లు

నల్లగొండ

చిరంజీవి వంశీకి మామ ఆశీస్సులు.

నీ బీఎండబ్ల్యూ జెడ్4కు వెనక టైర్లు అరిగిపోయినయి, ఏవి వెయ్యాలో చెప్పమని అడిగినవు. రెండు మార్చాలా నాలుగూ మార్చాలా, రన్‌ఫ్లాట్ (గాలి పోయినా కొంత దూరం నడిచే టైరు) ఉంచాలా తీసెయ్యాలా, వెనక ఇంకా వెడల్పువి పెట్టొచ్చా అని కూడా అడిగినవు. వివరంగానే రాస్తున్న. పాలమూరు నుంచి హైదరాబాద్ దుకాణానికి బయల్దేరక ముందే ఇది చదువుకో. కౌంటర్ ముందు నిలబడ్డంక వాళ్ల దగ్గరున్న స్టాకే నీకు మంచిదని చెప్తరు. నీకేం కావాలో నువ్వు ముందే తేల్చుకొని పోవాలె.

మొదట సైజు. డ్రైవర్ తలుపు తెరిస్తే ఫ్రేము మీద స్టిక్కర్ ఉంటది, దాన్ని ఫోటో తీసి పెట్టుకో. నీది జెడ్4లో రెండో తరం, దాన్ని ఇ89 అంటరు. 18 అంగుళాల రిమ్ములున్న ఇ89కు ముందు 225/40 ఆర్18, వెనక 255/35 ఆర్18 వస్తయి. ముందు రిమ్ము వెడల్పు 8 అంగుళాలు, వెనకది 8.5. నువ్వు సెకండ్ హ్యాండ్ కొన్నవు కాబట్టి పాత ఓనర్ రిమ్ములు మార్చి ఉండొచ్చు. చక్రం విప్పి రిమ్ము లోపలి వైపు చూస్తే 8జె, 8.5జె అని పోత పోసిన అక్షరాలు కనిపిస్తయి. అవి చూసినంకనే టైరు మాట.

225/40 అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, టైరు పక్క గోడ ఎత్తు అందులో 40 శాతం, అంటే 90 మిల్లీమీటర్లు. వెనకది 255లో 35 శాతం, 89 మిల్లీమీటర్లు. రిమ్మును కలిపి లెక్క కడితే ముందు టైరు మొత్తం ఎత్తు 637, వెనకది 636 మిల్లీమీటర్లు. వెడల్పులు వేరైనా ఎత్తు ఒక్కటే ఉండేటట్టు కంపెనీ కావాలనే చూసుకుంది. బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, చక్రం జారకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ నాలుగు చక్రాలు ఎంత స్పీడుగా తిరుగుతున్నయో పోల్చుకుంటనే పనిచేస్తయి. ముందు 235/40 పెడితే ఎత్తు 645కు పోతది, వెనకతో 9 మిల్లీమీటర్ల తేడా వస్తది. అప్పుడు ఏ చక్రమూ జారకున్నా జారుతున్నట్టు కంప్యూటర్ అనుకోవచ్చు.

వెనక 265 పెట్టుకో, రోడ్డును బాగా పట్టుకుంటదని చెప్పేవాళ్లు ఉంటరు. 265/35 ఆర్18కు కనీసం 9 అంగుళాల రిమ్ము కావాలె. 8.5 మీద ఎక్కిస్తే గోడలు లోపలికి ముడుచుకుంటయి. మలుపులో టైరు పక్కలకు ఊగుతది, స్టీరింగ్ తిప్పినప్పుడు వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా వస్తది. డబ్బులు ఎక్కువ పెట్టి పట్టు తగ్గించుకున్నట్టు అయితది. కంపెనీ సైజులోనే ఉండు.

సైజు పక్కన 88డబ్ల్యూ, 90డబ్ల్యూ లాంటిది రాసి ఉంటది. 88 అంటే ఒక్క టైరు 560 కిలోలు మోస్తది, 90 అయితే 600. అక్షరం వేగానిది: వి అయితే గంటకు 240 కిలోమీటర్లు, డబ్ల్యూ 270, వై 300. మన నాలుగు వరుసల హైవే మీద కార్లకు 100 దాటొద్దని రూలు ఉండగా 270 రేటింగ్ ఎందుకని అడగొచ్చు. ఆ రేటింగ్ ఇచ్చే పరీక్షలో టైరును తిప్పుతూ స్పీడు పెంచుకుంట పోతరు. ఆ వేడికి, లాగుడుకు ట్రెడ్ (రోడ్డుకు తగిలే రబ్బరు) విడిపోకుండా నిలవాలె. అంటే డబ్ల్యూ, వై టైరు వేడిని తట్టుకునేటట్టు కట్టిన టైరు. మే నెలలో జడ్చర్ల నుంచి పెబ్బేరు దాకా ఎండలో నడిపేటోనికి ఆ తట్టుకునే గుణమే కావాలె. స్టిక్కర్ మీదున్న అక్షరం కంటే తక్కువది ఇస్తే తీసుకోకు.

ఇదే సైజులో 92, 94 అని, పక్కన ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అని ఉన్నవి కూడా దొరుకుతయి. అవి తీసుకోవచ్చు, మన గుంతలకు జర నయం. కానీ ఎక్స్‌ఎల్ టైరు ఆ అదనపు బరువు మోసేది గాలి ఒత్తిడి 2.9 బార్ దాకా ఉన్నప్పుడే. మామూలు టైరుకు ఆ లెక్క 2.5 బార్ దగ్గర కడతరు. అందుకని ఎక్స్‌ఎల్ వేసినం కదా అని గాలి తక్కువ పెడితే ఏ లాభమూ లేదు.

ఇగ రన్‌ఫ్లాట్ సంగతి. నీ పాత టైర్ల గోడ మీద ఆర్‌ఎస్‌సీ అని గుండ్రంలో ఉంటే అవి రన్‌ఫ్లాట్‌లే. గోడలు దిట్టంగా ఉంటయి. గాలి మొత్తం పోయినా 80 కిలోమీటర్ల స్పీడు మించకుండా దాదాపు 80 కిలోమీటర్లు పోవచ్చు. ఆ బండికి స్టెప్నీ లేనిది అందుకే. ఖర్చు ఎక్కువ, బరువు ఎక్కువ, చిన్న గతుకు కూడా నడుముకు తెలుస్తది. గుంతలో పడితే గోడ వంగదు కాబట్టి దెబ్బ పోయి రిమ్ముకు తగులుతది, అలాయ్ పగుళ్లు వచ్చేది అట్లనే. మామూలు టైరులో ఇంకో నష్టం. గుంత అంచుకు, రిమ్ముకు మధ్య గోడ నలిగి లోపలి దారాలు తెగుతయి, బయటికి బుడిపె వస్తది. బుడిపె వచ్చిన టైరుకు రిపేరు లేదు, పారెయ్యాల్సిందే.

నువ్వు ఎక్కడ నడుపుతవో దాన్ని బట్టి ఇది తేల్చుకోవాలె. ఎక్కువ శాతం హైదరాబాద్ రోడ్డే అయితే మామూలు టైర్లు వెయ్యి. మెత్తగా పోతది, మంచి రకాలు ఎక్కువ దొరుకుతయి, తడిలో పట్టు కూడా బాగుంటది. దాంతో పాటు డిక్కీలో గాలి కొట్టే కంప్రెసర్, రంధ్రం పూడ్చే సీలెంట్ డబ్బా పెట్టుకో. సీలెంట్‌కు ఎక్స్‌పైరీ తేదీ ఉంటది, దాటితే లోపల గడ్డకడుతది. నెలకొకసారి మన్ననూరు దాటి శ్రీశైలం ఘాటు ఎక్కేటట్టయితే మాత్రం రన్‌ఫ్లాటే ఉంచు. ఆ అడవిలో పంక్చర్ షాపు దొరకడం కష్టం, చాలా దూరం ఫోన్ సిగ్నల్ దొరకదు, రాత్రికి ఫారెస్టు గేటు మూస్తరు. సీలెంట్ అనేది ట్రెడ్‌లో మేకు దిగితే పనిచేస్తది, రాయి తగిలి గోడ చీరితే దాంతో ఏమీ కాదు. ఏది ఎంచుకున్నా నాలుగూ ఒకటే రకం. రెండు రన్‌ఫ్లాట్, రెండు మామూలువి కలిపి వేస్తే బండి ముందొక తీరు, వెనకొక తీరు ప్రవర్తిస్తది.

రకానికి వస్తే, మనకు కావాల్సింది సమ్మర్ పర్ఫార్మెన్స్ టైరు. ఆ రబ్బరు 7 డిగ్రీల కంటే చల్లబడితే గట్టిపడుతది, మన దగ్గర ఆ భయం లేదు. ఎం+ఎస్ (బురద, మంచు) అని రాసి ఉన్న ఆల్ సీజన్ టైరు మంచు దేశాల కోసం చేసిన రాజీ, మన వేడి రోడ్డు మీద దాని ట్రెడ్ దిమ్మెలు మెత్తబడి కదులుతయి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్, కాంటినెంటల్ మాక్స్‌కాంటాక్ట్, గుడ్‌ఇయర్ ఈగల్ ఎఫ్1, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా, యోకోహామా అడ్వాన్ స్పోర్ట్, పిరెల్లి పీ జీరో: ఈ వరుసల్లో నీ రెండు సైజులూ ఒకే మోడల్‌లో ఏది దొరికితే అది మంచి టైరే. ముందొక కంపెనీ, వెనకొక కంపెనీ పెట్టకు.

గోడ మీద ట్రెడ్‌వేర్ (అరుగుదలకు ఎంత ఓర్చుకుంటదో) అని ఒక అంకె, ట్రాక్షన్ (తడి పట్టు) అని ఏఏ, ఏ, బీ, సీ లలో ఒక అక్షరం, టెంపరేచర్ అని ఏ, బీ, సీ లలో ఒకటి ఉంటయి. ట్రెడ్‌వేర్ 300 దగ్గర ఉంటే పట్టుకు, మన్నికకు పొత్తు కుదిరినట్టు. 200, అంతకు తక్కువ ఉన్నవి ట్రాక్ కోసం చేసినవి, నీళ్లు పోయే కాలువలు తక్కువ, వానలో నీళ్ల మీద తేలుతయి. ట్రాక్షన్ ఏ కంటే, టెంపరేచర్ ఏ కంటే తక్కువది నీ బండికి వద్దు. ఒక్క జాగ్రత్త: ట్రెడ్‌వేర్ అంకె ఎవరి టైరుకు వాళ్లే పరీక్ష చేసి ఇచ్చుకుంటరు. ఒక కంపెనీలోని రెండు మోడళ్లను పోల్చడానికి పనికొస్తది, రెండు కంపెనీల మధ్య దాన్ని నమ్మకు.

నేను తడి పట్టు గురించి గట్టిగా చెప్తున్నదానికి కారణం ఉంది. ఎండిన రోడ్డు మీద పై రకాలన్నీ నీ అవసరానికి మించే పట్టుకుంటయి. తేడా తేలేది మృగశిర వానలకు. ఎండాకాలం అంతా పేరుకున్న ఆయిలు, దుమ్ము మొదటి జల్లుకు పైకి తేలి రోడ్డు జిడ్డు జిడ్డు అయితది. నీది వెనక చక్రాలతో నడిచే బండి, ఆ తడిలో యాక్సిలరేటర్ జర ఎక్కువ తొక్కితే వెనక భాగం పక్కకు వస్తది.

అదే కారణంతో అరుగుదల విషయంలో ఖచ్చితంగా ఉండు. రూలు ప్రకారం కాలువల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గేదాకా నడపొచ్చు, కాలువల మధ్యలో ఉండే అడ్డగట్లు ఆ ఎత్తులోనే ఉంటయి. నీ బండికి 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చు. డెప్త్ గేజ్ చిన్న వస్తువు, ఒకటి కొనుక్కో. కొలిచేటప్పుడు బయటి అంచు, మధ్య, లోపలి అంచు మూడు చోట్లా కొలువు. ఈ బండ్లలో చక్రం పైభాగం జర లోపలికి వాలి ఉంటది కాబట్టి లోపలి అంచు ముందు అరుగుతది. నిలబడి చూసినోనికి టైరు బాగున్నట్టే కనపడుతది, కిందికి వంగి చూస్తే లోపల తీగలు తేలి ఉంటయి. నీ పాత టైర్లు అట్ల అరిగి ఉంటే కొత్తవి ఎక్కించిన రోజే అలైన్‌మెంట్ (చక్రాల వాలు, దిశ సరిచేసుడు) చేయించు, లేకుంటే కొత్తవీ అంతే అయితయి.

రెండా నాలుగా అంటే: ముందువి 4 మిల్లీమీటర్లకు పైన ఉండి, 5 ఏండ్లు దాటకుండా, అదే మోడల్ ఇప్పటికీ దొరికితే వెనక రెండే మార్చు. వెడల్పులు వేరు కాబట్టి ముందువి వెనకకు తిప్పే వీలు లేదు, వెనకవి ముందుగా అరగడం మామూలే. ఆ మూడింటిలో ఒక్కటి తప్పినా నాలుగూ మార్చు.

తేదీ చూడకుండా టైరుకు డబ్బులు కట్టకు. టైరు గోడ మీద డాట్ అని మొదలయ్యే అక్షరాల వరుస చివర 4 అంకెలుంటయి. 2325 అంటే 2025లో 23వ వారం తయారైంది. ఏడాది లోపుది తీసుకో. రేకుల గోదాములో రెండు ఎండాకాలాలు మగ్గిన టైరు మెరుస్తున్నా రబ్బరు గట్టిపడే ఉంటది. 2020 జూన్ నుంచి విదేశీ టైర్ల దిగుమతికి ప్రభుత్వ లైసెన్సు కావాలె. అందుకే 255/35 లాంటి అరుదైన సైజులు ఎప్పుడంటే అప్పుడు దొరకవు, పాత స్టాకు అంటగట్టేది కూడా అందుకే. అవసరం పడక ముందే, ట్రెడ్ 4 దగ్గర ఉన్నప్పుడే రెండు మూడు డీలర్లకు ఫోన్ చేసి ఆర్డర్ పెట్టు. ఐఎస్ఐ గుర్తు ఉందా చూడు. బిల్లు మీద నాలుగు టైర్ల తేదీ అంకెలూ రాయించుకో, వారంటీ అడిగిన రోజు పనికొస్తది.

ఎక్కించేటప్పుడు పక్కన నిలబడు. సన్నగోడ టైరును, అందులోనూ రన్‌ఫ్లాట్‌ను, ఇనుప రాడ్లతో తన్ని ఎక్కిస్తే అంచులోని తీగ దెబ్బతింటది, అలాయ్ గీసుకుపోతది. లీవర్ వాడని టచ్‌లెస్ మిషన్ ఉన్న చోటికే పో, దూరమైనా సరే. గోడ మీద అవుట్‌సైడ్ అని ఉన్న వైపు బయటికి రావాలె. బాణం ఉంటే ముందుకు తిరిగే వైపు చూపించాలె. పసుపు చుక్క ఉంటే అది వాల్వు దగ్గరికి తెమ్మను, బ్యాలెన్సింగ్‌కు తక్కువ బరువు పడతది. రబ్బరు వాల్వులైతే కొత్తవి వేయించు. బోల్టులు గన్నుతో బిగించి వదిలేస్తరు, ఒప్పుకోకు. మాన్యువల్‌లో ఉన్న లెక్కకు, బిగువును కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించమను, చాలా జర్మన్ బండ్లకు అది 120 నుంచి 140 న్యూటన్ మీటర్లు. అలైన్‌మెంట్‌కు ముందు, తర్వాత రెండు ప్రింట్లూ అడిగి తీసుకో. ఈ కంపెనీ బండ్లకు సీట్లలో, డిక్కీలో బరువు పెట్టి అలైన్‌మెంట్ చెయ్యమని లెక్క ఉంటది, ఆ సంగతి తెలిసిన వర్క్‌షాపు వెతుక్కో. చివరికి బండిలోని టైరు ప్రెషర్ సిస్టంను రీసెట్ చెయ్యి, పాత కొలతల మీదే ఉంటే తప్పుడు హెచ్చరికలిస్తది.

గాలి గురించి మన దగ్గర ఒక తప్పు నమ్మకం పాతుకుపోయింది. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతయంటరు కదా, ఆ ఎండకు టైరు పగులకుండా గాలి తగ్గించాలని చెప్తరు. అది ప్రమాదం. గాలి తక్కువైతే గోడ ప్రతి చుట్టుకూ ఎక్కువ వంగుతది, వంగుడుకు వేడి పుడుతది, ఆ వేడికే టైరు పేలుతది. పొద్దున్నే, బండి కనీసం 3 గంటలు ఆగి ఉన్నప్పుడు స్టిక్కర్ లెక్కకు గాలి పెట్టు. ప్రతి 6 డిగ్రీల వేడికి ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడికి ఇంకో కొలత) దాకా పెరుగుతది. పొద్దున 34 పెట్టినది మధ్యాహ్నం పరుగు మీద 39 చూపిస్తే భయపడి తియ్యకు, ఆ పెరుగుదల లెక్కలోనిదే. నైట్రోజన్‌కు వేరే డబ్బులు పెట్టాల్సిన పని లేదు, మామూలు గాలిలో 78 శాతం అదే. నెలకు రెండుసార్లు సొంత మీటరుతో చూసుకో.

పంక్చరైతే ట్రెడ్ మధ్య భాగంలో, 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతేనే రిపేరు. టైరు విప్పి లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారంలో ఉండే మష్రూమ్ ప్యాచ్ వెయ్యాలె. బయటి నుంచి కుక్కిన స్ట్రిప్ ఇల్లు చేరడానికే.

కొత్త టైరు మీద అచ్చులోంచి వచ్చిన జిడ్డు పొర ఉంటది. మొదటి 300 కిలోమీటర్లు గట్టి బ్రేకులు, స్పీడు మలుపులు వద్దు. 100 కిలోమీటర్లకు బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూపించు. యాసంగి కోతలప్పుడు ఇటు మిర్యాలగూడ దిక్కు వచ్చేటట్టయితే పగలే రా. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతరు. చీకట్లో నీ ఎత్తు తక్కువ బండికి ఆ రాయి కనపడేలోపే ముందు టైరు గోడకు తగులుతది.

అక్కకు, బావకు నా నమస్కారాలు చెప్పు. సైజులు, తేదీలు దొరికినంక ఫోటోలు పంపు, కొనేముందు ఒకసారి చూస్త.

మీ మామ