పికప్‌కి 285/70 ఆర్17 టైర్లు: 17×9 జీరో ఆఫ్‌సెట్ రిమ్ములు సరిపోతాయా?

మీ ప్రశ్న: ఇప్పుడున్నది కంపెనీ రిమ్ము 17×7.5 (వ్యాసం, వెడల్పు అంగుళాల్లో), ఆఫ్‌సెట్ +30, మీద 265/70 ఆర్17 టైరు (వెడల్పు 265 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 17 అంగుళాలు). ఆఫ్‌సెట్ అంటే రిమ్ము మధ్యగీత నుంచి హబ్‌కి (చక్రం బిగించే భాగం) ఆనే ముఖం ఎన్ని మి.మీ. దూరమో; ప్లస్ అయితే ముఖం బయటి వైపుకి ఉంటుంది. లిఫ్ట్ (బండిని సస్పెన్షన్ మీద ఎత్తు పెంచడం) లేకుండా 285/70 ఆర్17కి మారాలి. చేతికొచ్చినవి 17×9 జీరో ఆఫ్‌సెట్ రిమ్ములు. లోపల సస్పెన్షన్‌కి తగులుతుందేమోనని మీ భయం.

లోపల తగలదు. ఇబ్బందంతా బయటి వైపే.

రిమ్ము మీద రాసే వెడల్పు టైరు బీడ్ (రిమ్ములో ఇరుక్కునే లోపలి అంచు) కూర్చునే చోట్ల మధ్య కొలత. రెండు పక్కలా అంచులు కలిపితే సుమారు ఒక అంగుళం ఎక్కువ. అంటే 7.5 రిమ్ము నిజానికి 8.5. బ్యాక్‌స్పేసింగ్ అంటే హబ్‌కి ఆనే ముఖం నుంచి లోపలి అంచు దాకా దూరం. మొత్తం వెడల్పులో సగానికి ఆఫ్‌సెట్‌ని అంగుళాల్లోకి మార్చి కలపాలి. పాతదానికి 4.25 + 1.18 = 5.43 అంగుళాలు. కొత్తదానికి 10లో సగం, 5. లోపలి అంచు 11 మి.మీ. బయటికి వచ్చింది, అక్కడ మీకు చోటు పెరిగింది. హబ్ ముఖం నుంచి బయటి అంచు దూరం మాత్రం 3.07 అంగుళాల నుంచి 5కి వెళ్లింది, 49 మి.మీ.!

టైరు ఎత్తు తేడా దీని ముందు చిన్నది. 265/70 వ్యాసం 803 మి.మీ., 285/70ది 831. నేల నుంచి హబ్ లేచేది 14 మి.మీ. మాత్రమే. స్పీడోమీటర్ 100 చూపిస్తే బండి దాదాపు 103.5లో పోతుంటుంది.

టైరు బయటికి జరిగినకొద్దీ స్టీరింగ్ తిప్పినప్పుడు అది గీసే వలయం పెద్దదవుతుంది. ఫుల్ లాక్‌లో (స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు) చక్రానికి ముందున్న బంపర్ మూల, వెనకున్న ఫెండర్ లోపలి ప్లాస్టిక్, దాని వెనకున్న బాడీ మౌంట్ (బాడీని ఛాసిస్‌కి బిగించే చోటు), ఇవే మొదట ఒరుసుకునేవి. ముందుకు పోతూ తగలనిది ఫుల్ లాక్‌లో రివర్స్ చేస్తే తగలొచ్చు, సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు రెండో వైపుకి నలుగుతాయి గనక. దీనికి లిఫ్టే మందు అనేవాళ్ల మాట పూర్తిగా నమ్మకండి. బంప్ స్టాప్ (చక్రం పైకి లేవడాన్ని ఆపే రబ్బరు దిమ్మ) మార్చకపోతే గుంతలో చక్రం పైకి లేచేది పాత చోటికే. ఇది కాక మధ్యగీత 30 మి.మీ. బయటికి పోయిన చక్రం హబ్ బేరింగ్ మీద భారం పెంచుతుంది, గతుకుల్లో స్టీరింగ్ చేతిని లాగుతుంది.

నేనైతే 17×8.5, +15 దగ్గర చూస్తాను. బ్యాక్‌స్పేసింగ్ 5.34 వస్తుంది. చక్రం మధ్యగీత బయటికి జరిగేది 15 మి.మీ. టైరు వెడల్పులో తిరకాసు ఒకటుంది: రిమ్ము అర అంగుళం మారితే టైరు వెడల్పు సుమారు 5 మి.మీ. మారుతుంది. 265కి కొలత రిమ్ము (టైరు వెడల్పు కొలిచేందుకు వాడే రిమ్ము) 8 అంగుళాలు, మీ 7.5 మీద అది 260 దగ్గరే ఉంటుంది. 285 ఈ 8.5 మీద 285గానే నిలుస్తుంది. ఒక్కో పక్క 12.5 పెరిగిందన్నమాట. లోపలి గోడ ఇంచుమించు పాత చోటే, బయటిది 27 లేదా 28 మి.మీ. ముందుకు. 17×9 జీరో ఆఫ్‌సెట్‌లో ఇదే 45 అయ్యేది.

పాత రిమ్ము కొంటుంటే అమ్మేవాళ్లు చెప్పిన బ్యాక్‌స్పేసింగ్ మీద ఆధారపడకండి. ముఖం కిందికి పెట్టి, లోపలి అంచు మీద తిన్నటి స్కేలు అడ్డంగా వేసి, హబ్ ముఖం దాకా టేపు దింపాలి. టైరు ఎక్కించి ఉంటే స్కేలు ఉబ్బిన టైరు మీద కూర్చుంటుంది. స్కేలుకీ రిమ్ము అంచుకీ మధ్య ఖాళీ తీసేయకపోతే అర అంగుళం అబద్ధం వస్తుంది. స్పేసర్ ఉంటే దాని మందం కూడా బ్యాక్‌స్పేసింగ్‌లోంచి పోతుంది.

నాలుగూ కొనేముందు ఒక్కదానికి టైరు ఎక్కించి ముందు బిగించండి. సస్పెన్షన్ పై ఆర్మ్‌కీ, ఫెండర్ లోపలికీ వేలెడు మందాన బంకమట్టి అంటించి, ఒక చక్రం ర్యాంప్ ఎక్కించి స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పండి. మట్టి 6 మి.మీ. కంటే పలచగా నలిగితే ఆ సైజు వదిలేయడం మంచిది. ప్లాస్టిక్‌నైతే వేడిచేసి వెనక్కి నొక్కొచ్చు, ఇనుముకి అది కుదరదు.

బోల్టు రంధ్రాల కొలత, హబ్ రంధ్రం, నట్టు కూర్చునే ఆకారం (శంకువా, గుండ్రమా) మూడూ కలవాలి. రిమ్ము మీదా టైరు మీదా రాసిన బరువు పరిమితి కంపెనీవాటికి తగ్గకూడదు, ఇది పికప్. బిగించాక 100 కిలోమీటర్లు తిరిగి టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే పానా) నట్లు మళ్లీ చూడండి. స్టెప్నీ కూడా ఇదే సైజులో కొనండి. ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పగల బండిలో గట్టి నేల మీద వేరే వ్యాసం టైరుతో 4×4 వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ పెట్టె) బిగుసుకుంటుంది.