ఓడలో విహారమా, రిసార్టులో మకామా?

ప్రయాణాలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సార్వా కోతలు ముగిసే వేళకు ఊరు కదలాలన్న ఆలోచన ఇంటింటా మొదలవుతుంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. ఒక్కసారి డబ్బు కట్టేస్తే తిండి, పడక, కాలక్షేపం అన్నీ వచ్చేయాలి. అందుకు క్రూయిజ్ ఓడ మేలా, ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్టు మేలా?

ప్రశ్న: మేమిద్దరం, పదకొండేళ్ల బాబు, ఏడాదిన్నర పాప. సింగపూర్ నుంచి 4 రాత్రుల క్రూయిజ్‌కీ, మాల్దీవుల్లో 4 రాత్రుల రిసార్టుకీ ఏజెంటు ఇంచుమించు ఒకే ధర చెప్పాడు. ఏది ఎంచుకోమంటారు?
(ఒక పాఠకురాలు, పాలకొల్లు)

జవాబు: ఆ రెండు ధరలూ ఒకేలా కనిపించడమే చిక్కు. దేంట్లో ఏది కలిసిందో, ఏది కలవలేదో చూడాలి. పాలకొల్లులో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి మళ్లీ తాళం తీసేదాకా అయ్యే ఖర్చు రాసుకుంటే గానీ పోలిక కుదరదు.

ముందు ఓడ లెక్క. గదికి ఇద్దరు ఉంటారనుకుని తలకింత అని ధర చెబుతారు. అదే గదిలో ఉండే మూడో, నాలుగో మనిషికి సాధారణంగా తగ్గిస్తారు. గది, మామూలు భోజనశాలల్లో తిండి, ఈతకొలను, రాత్రి ప్రదర్శనలు అందులోనే వస్తాయి. రేవు రుసుములు, పన్నులు చాలాసార్లు విడిగా ఉంటాయి. సిబ్బందికి టిప్పు అని తలకు, రాత్రికి ఇంత చొప్పున బిల్లులోనే వేస్తారు. పెద్ద అంతర్జాతీయ ఓడల్లో ఇది సుమారు 15 నుంచి 20 డాలర్లు. 16 డాలర్లే అనుకున్నా నలుగురికి 4 రాత్రులకు 256 డాలర్లవుతుంది. పసిపిల్లలకు మినహాయింపు ఉందో లేదో కంపెనీని అడగాలి. కూల్‌డ్రింకులు, వైఫై, ప్రత్యేక రెస్టారెంట్లు, రేవులో దిగి ఊరు చూసే టూర్లు అన్నీ అదనం. ఓడలో నగదు నడవదు, గది తాళంగా ఇచ్చే కార్డునే గీకాలి. బాబు కార్డు మీద కొనుగోళ్లు జరగకుండా ఎక్కిన రోజే కౌంటర్లో చెప్పి ఆపించండి.

సింగపూర్ వీసా పాపతో సహా నలుగురికీ కావాలి. ఓడ బయటికి వెళ్లి మళ్లీ అక్కడికే వస్తుంది కాబట్టి అది మల్టిపుల్ ఎంట్రీ వీసా అయి ఉండాలి. సింగిల్ ఎంట్రీ వీసా చేతిలో పెట్టుకుని బయల్దేరితే అసలు ఓడే ఎక్కనివ్వరు. సింగపూర్ అరైవల్ కార్డు విమానం దిగే ముందు ఒకసారి, తిరిగొచ్చి ఓడ దిగే ముందు ఇంకోసారి నింపాలి. దానికి రుసుమేమీ లేదు. ఓడ కదిలే రోజునే విమానం దిగేలా టికెట్లు తీసుకోవద్దు. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. అంటే ముందు రాత్రి హోటలు ఖర్చు కూడా కలుపుకోవాలి.

ఇక రిసార్టు. మాల్దీవుల్లో మనవాళ్లకు 30 రోజుల వీసా దిగగానే ఉచితంగా ఇస్తారు. ప్రయాణానికి ముందు 96 గంటల లోపు ఆన్‌లైన్‌లో డిక్లరేషన్ నింపితే చాలు. అక్కడ అసలు ఖర్చు మాలే విమానాశ్రయం నుంచి రిసార్టు ఉన్న దీవికి చేరడం. దగ్గరి దీవులకు స్పీడుబోటు, దూరపువాటికి నీటి మీద దిగే విమానం, అదే సీప్లేను. సీప్లేన్లు పగలు మాత్రమే ఎగురుతాయి. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి మాలే దగ్గరే సొంత ఖర్చుతో ఉండాలి, రిసార్టులో కట్టిన రాత్రి పోయినట్టే. అందుకే ఏజెంటును అడగాల్సిన మొదటి ప్రశ్న "దీవికి చేర్చే ఖర్చు ఇందులో ఉందా?" అన్నది. తర్వాత ధర పక్కన రెండు ప్లస్ గుర్తులున్నాయేమో చూడండి. ఉంటే సర్వీసు చార్జి 10 శాతం, ఆ మొత్తం మీద 17 శాతం జీఎస్టీ పడతాయని అర్థం. 300 డాలర్లన్న గది 386 డాలర్లవుతుంది. గ్రీన్ టాక్సు రిసార్టుల్లో తలకు రాత్రికి 12 డాలర్లు, రెండేళ్ల లోపు పిల్లలకు లేదు. మీ ముగ్గురికి 4 రాత్రులకు 144 డాలర్లు.

మీ ఇంట్లో మద్యం అలవాటు లేకపోతే ఆల్ ఇన్‌క్లూజివ్ తీసుకోవద్దు. దానికీ, మూడు పూటలా భోజనం ఉండే ఫుల్ బోర్డుకీ ఉన్న తేడాలో పెద్ద వాటా మద్యానిదే. ఫుల్ బోర్డు తీసుకుని, తాగునీళ్లకు విడిగా డబ్బు తీసుకుంటారా అని మాత్రం రాతలో అడగండి. కొన్నిచోట్ల తీసుకుంటారు.

ఇంత లెక్క చెప్పినా, మీ విషయంలో నిర్ణయం పాపదే. డైపరు వేసే పిల్లల్ని ఓడల్లో ఈతకొలనులోకి సాధారణంగా దిగనివ్వరు. పిల్లల ఆటగదిలోకి మూడేళ్లు నిండి, డైపరు మానిన వాళ్లనే తీసుకుంటారు. కాబట్టి మీకు రిసార్టే మేలు. ఫొటోల్లో ఊరించే నీటి మీది విల్లాలు మాత్రం వద్దు. వాటి వసారా నుంచి మెట్లు నేరుగా సముద్రంలోకే దిగుతాయి, చాలావాటికి పిట్టగోడ ఉండదు. ఇసుక మీది బీచ్ విల్లా తీసుకోండి. ధర కూడా తక్కువే.

ప్రశ్న: మాకు రొయ్యల చెరువులున్నాయి. ఫోన్ అందుబాటులో లేకపోతే కుదరదు. ఓడలో సిగ్నల్ ఉంటుందా?
(ఒక రైతు, భీమవరం)

జవాబు: తీరం దాటిన కాసేపటికి మామూలు సిగ్నల్ పోతుంది. ఆ తర్వాత ఫోన్‌కు ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్ తగులుతుంది. అసలు ప్రమాదం అక్కడే. మామూలు అంతర్జాతీయ రోమింగ్ ప్యాకులు దానికి చాలావరకు వర్తించవు, మీరు ఫోన్ ముట్టుకోకపోయినా డేటా బిల్లు పెరిగిపోతుంది. ఓడ కదలగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఓడవాళ్ల వైఫై కొనుక్కుని వాట్సాప్‌లో మాట్లాడాలి. అదీ వాతావరణాన్ని బట్టి తెగుతూ ఉంటుంది. అర్ధరాత్రి కరెంటు పోయి చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే చెరువు దగ్గర మనిషి మీతో మాట్లాడాల్సిన పరిస్థితి ఉన్నప్పుడు ఓడ ఎక్కొద్దు. రిసార్టుకు వెళ్లండి. ఓడే కావాలంటే రొయ్యల పట్టుబడి అయ్యాక, మళ్లీ సీడు (రొయ్య పిల్లలు) వేసేలోపు పెట్టుకోండి.

ప్రశ్న: మా అత్తగారికి 72 ఏళ్లు. బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు. ఉల్లి, వెల్లుల్లి తినరు. ఓడ ఎక్కించడం మంచిదేనా?
(ఒక కోడలు, అమలాపురం)

జవాబు: నిక్షేపంగా ఎక్కించవచ్చు. చాలామంది అనుకునే దానికి భిన్నంగా, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు దీవి కంటే ఓడే సుఖం. ప్రతి అంతస్తుకూ లిఫ్టు ఉంటుంది, పెట్టె ఒక్కసారి విప్పితే మళ్లీ సర్దే పని ఉండదు. దీవిలోనైతే ఊగే స్పీడుబోటులోంచి రేవు గట్టు మీదికి అడుగు వేయాలి, ఇసుకలో నడవాలి.

బుక్ చేసేటప్పుడు గది ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో, లిఫ్టుకు దగ్గరగా కావాలని చెప్పండి. అక్కడ ఊపు తక్కువ. "గ్యారంటీ క్యాబిన్" అని చవగ్గా ఇచ్చేదాంట్లో గది ఎక్కడ వస్తుందో మన చేతిలో ఉండదు, ఆవిడకు అది వద్దు. ఓడ ఆగే చోట్ల రేవు గట్టుకే ఆనుతుందా, లేక మధ్యలో లంగరు వేసి చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారా అని కూడా అడగండి. థాయిలాండ్‌లోని ఫుకెట్ దీవిలో పతాంగ్ దగ్గర పెద్ద ఓడలు అలా లంగరు వేసే ఆగుతాయి. అలల్లో ఆ చిన్న పడవలోకి దిగడం ఆవిడకు కష్టం. ఆ పూట ఓడలోనే ఉండిపోవడం మంచిది.

మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి. ఓడ ఎక్కేటప్పుడు తీసుకున్న పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది, మధ్యాహ్నం వేసుకోవాల్సిన షుగరు మాత్ర అందులో ఉండిపోతే ఇబ్బంది. డాక్టరు చీటీ జత చేయండి. ప్రయాణం రోజుల కంటే నాలుగైదు రోజులకు అదనంగా మందులు పెట్టండి. ఓడలో డాక్టరు ఉంటారు గానీ ఖర్చు బాగా ఎక్కువ, అప్పటికప్పుడే కట్టాలి. మన దగ్గరి ఆరోగ్య బీమా మామూలుగా అక్కడ పనికిరాదు. ట్రావెల్ ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు బీపీ, షుగరు దాచకుండా రాయించండి. దాస్తే క్లెయిము తిరస్కరిస్తారు. అత్యవసరంగా ఒడ్డుకు తరలించే ఖర్చు కూడా పాలసీలో ఉండాలి.

భోజనానికి "జైన్ మీల్" అని ముందే రాయించండి. ఉల్లి, వెల్లుల్లి లేని వంట అంటే అక్కడి వంటవాళ్లకు అర్థమయ్యే మాట అదే. బంగాళాదుంప లాంటి దుంపలు కూడా అందులో రావు, ఆవిడకు ముందే చెప్పండి.

ప్రశ్న: ఓడలో వాంతులవుతాయని భయం. ముందు పాపికొండలు లాంచీలో వెళ్లి చూసుకుంటే తెలుస్తుందా?
(ఒక పాఠకుడు, రావులపాలెం)

జవాబు: తెలియదు. గోదావరిలో ప్రవాహం ఉంటుంది గానీ సముద్రంలో లాగా లేపి దించే ఊపు ఉండదు. లాంచీలో హాయిగా ఉన్నవాళ్లు ఓడలో పడకేసే అవకాశం ఉంది. దానికంటే మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో కారు వెనక సీట్లో కూర్చుని చూడండి. కళ్లకు కనిపించేదీ, లోపలి చెవికి తెలిసే కదలికా పొసగకపోవడమే రెండుచోట్లా వాంతికి కారణం. ఆ మలుపుల్లో తట్టుకోలేనివాళ్లు ఓడకు సిద్ధపడి వెళ్లాలి.

సిద్ధపడడమంటే ముందుగా నెల చూసుకోవడం. బంగాళాఖాతంలో తుపాన్ల కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి జూన్, అక్టోబరు నుంచి డిసెంబరు. నైరుతి రుతుపవనాల నెలల్లోనూ సముద్రం కల్లోలంగానే ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెమ్మది. మాల్దీవులకూ డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకానే పొడి కాలం. పెద్ద ఓడలకు పక్కలకు ఒరగకుండా నీటి అడుగున రెక్కలుంటాయి. ముందు వెనకల ఊపును అవి ఆపలేవు, అందుకే మధ్యలో గది తీసుకోమనడం.

అవోమిన్ లాంటి మాత్ర ఓడ కదలడానికి గంటా రెండు గంటల ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు. దాంతో మగత వస్తుంది. ప్రోస్టేటు, గ్లకోమా ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడొద్దు. కడుపు ఖాళీగా ఉంచకండి, దూరంగా సముద్రం, ఆకాశం కలిసే గీతను చూడండి. ఫోన్ చూస్తూ పడుకుంటే ఎక్కువవుతుంది.

ప్రశ్న: పాస్‌పోర్టు లేకుండా క్రూయిజ్ వెళ్లగలమా?
(ఒక దంపతులు, ముమ్మిడివరం)

జవాబు: మన దేశపు రేవుల మధ్యనే తిరిగే ఓడైతే ఆధార్ లాంటి గుర్తింపు కార్డుతో వెళ్లవచ్చు. విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ 2023లో ప్రారంభమైంది. అక్కడి నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి ఓడ నడిచింది గానీ ఏడాది పొడవునా కాదు, తేదీలు చూసుకోవాలి. చెన్నైలో ఎక్కాల్సి వస్తే సర్కారు ఎక్స్‌ప్రెస్‌లో ఒక రోజు ముందే చేరండి. ఓడ గేటు బయల్దేరే వేళకు గంట, గంటన్నర ముందే మూసేస్తారు. ఓడ శ్రీలంకలో ఆగేదైతే పాస్‌పోర్టు తప్పదు.

పాస్‌పోర్టు తీసుకున్నాక టికెట్టు మీద పేరు అందులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన ఇంటిపేర్లతో వచ్చే తంటా ఇదే. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఏజెంటు ఆధార్ చూసి టికెట్టు తీస్తాడు. పాస్‌పోర్టు ఫొటో పంపి, అది చూసే తీయమనండి.

ప్రశ్న: విదేశాలకు వెళ్లే స్తోమతు లేదు. ఇక్కడే ఓడ, రిసార్టు రెండూ చూసినట్టు ఉండాలంటే?
(ఒక ఉపాధ్యాయిని, రాజోలు)

జవాబు: మీ పక్కనే దిండి ఉంది. వశిష్ఠ గోదావరి ఒడ్డున రెండు రాత్రులు రిసార్టు, కుదిరితే అందులో ఒక రాత్రి హౌస్‌బోటు. హౌస్‌బోటును రాత్రి ఎక్కడ కట్టేస్తారు, ఏసీ కోసం జనరేటరు తెల్లవార్లూ వేస్తారా అన్నవి డబ్బు కట్టే ముందే అడగండి. ఉక్కపోత, దోమలు, ఈ రెండింటి దగ్గరే జనం అసంతృప్తి పడతారు. అంతర్వేది దర్శనం అక్కడి నుంచే చేసుకోవచ్చు.

పాపికొండలకు నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. రాజమండ్రి నుంచి బస్సులో గండి పోచమ్మ గుడి దాకా తీసుకెళ్లి అక్కడ బోటు ఎక్కిస్తారు. వానాకాలంలో మాత్రం ఎవరు నడుపుతామన్నా ఎక్కకండి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు గానీ ఇవ్వరు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి 50 మంది దాకా చనిపోయిన రోజున ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులే. హెచ్చరిక లేదంటే నది నెమ్మదిగా ఉందని కాదు. లైఫ్ జాకెట్టు ఎక్కగానే తొడుక్కుని, ముందున్న పట్టీలన్నీ బిగించండి. పిల్లలకు పిల్లల సైజుదే ఇవ్వమనండి. పెద్దదైతే నీళ్లలో తల మీదుగా జారిపోతుంది. పిల్లల సైజు జాకెట్టు లేదని చెబితే దిగిపోండి.

ప్రశ్న: చిన్న రైస్ కుక్కరు, ఆవకాయ, కొబ్బరి తీసుకెళ్లవచ్చా?
(ఒక గృహిణి, అంబాజీపేట)

జవాబు: రైస్ కుక్కరు, ఇండక్షన్ పొయ్యి, ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే కెటిల్ ఓడలో ఒప్పుకోరు. నడిసముద్రంలో అగ్నిప్రమాదాన్ని మించిన భయం లేదు. స్కానింగులో పట్టుకుని, దిగేదాకా తమ దగ్గరే ఉంచుకుంటారు. ఇంట్లో వండినవీ కుదరవు. కంపెనీ సీలు ఉన్న పొడులు, పచ్చళ్ల పొట్లాలు చాలా ఓడల్లో అభ్యంతరం చెప్పరు. విమానంలో ఆవకాయను చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి, నూనె కారకుండా రెండు సంచుల్లో కట్టి. కురిడీలు, ఎండుకొబ్బరి మాత్రం చేతి సంచిలోనూ, పెట్టెలోనూ పెట్టకూడదు. అందులోని నూనె వల్ల దానంతట అదే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. మాల్దీవులకైతే ఇంకొకటి గుర్తుంచుకోండి. పూజించే విగ్రహాలు, మద్యం ఆ దేశంలోకి తీసుకెళ్లడం నిషేధం. పెట్టెలో చిన్న వినాయకుణ్ణి పెట్టుకునే అలవాటుంటే ఇంటి దగ్గరే ఉంచి వెళ్లండి.