యూనిట్ పెట్టబోతున్న మేనల్లుడికి

చి. మేనల్లుడికి ఆశీస్సులు.

వైద్య పరికరాల పరిశ్రమ మీవైపు ఊపందుకుంటోందని, నువ్వూ ఒక యూనిట్ పెడతానని రాశావు. సంతోషం. షెడ్డు గురించీ రాయితీల గురించీ నాలుగు పేజీలు నింపావు గానీ, ఏ డాక్టరుతో మాట్లాడావో ఒక్క ముక్క రాయలేదేం?

అమెరికాలో మిన్నియాపొలిస్ ఈ రంగానికి అడ్డాగా ఎలా మారిందో చూడు. 1949లో ఎర్ల్ బాకెన్ బావమరిదితో కలిసి ఒక గ్యారేజీలో మెడ్‌ట్రానిక్ మొదలుపెట్టాడు. మొదట్లో వాళ్ల పని ఆస్పత్రి పరికరాలకు రిపేర్లు చేయడం, అంతే. అప్పట్లో పేస్‌మేకర్, అంటే గుండె కొట్టుకోవడాన్ని క్రమంగా ఉంచే పరికరం, గోడ ప్లగ్గు మీద నడిచేది. 1957లో ఊళ్లో కరెంటు పోయింది. కరెంటు పోయినా ఆగనిది, బ్యాటరీతో నడిచేది చేసిపెట్టమని గుండె సర్జన్ లిల్లిహై అడిగింది ఎవరిని? రోజూ కళ్లెదుట స్క్రూడ్రైవర్‌తో తిరిగే బాకెన్‌ని. కొన్ని వారాల్లోనే చేతికిచ్చాడు.

కాబట్టి ముందు ఒక ఏడాది రిపేర్లు చెయ్యి. నామోషీ అనుకోకు. నా సంగతే చెబుతాను. ఆపరేషన్లలో వాడే స్క్రూలు చేసేవాళ్లం, అవి కొలతల్లో వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండేవి. ఆపరేషన్ థియేటర్‌లో నిలబడి చూస్తే, తడి గ్లవ్స్‌తో నర్సమ్మకి మా ప్యాకెట్ చిరగడం లేదు! రెండుసార్లు లాగి, విసుగ్గా పక్కన పడేసి, ఇంకో కంపెనీది తీసుకుంది. మూల దగ్గర వేలు పట్టేంత అంచు వదలాలని ఏ డ్రాయింగూ మాకు చెప్పలేదు.

ఐఎస్ఓ 13485 (వైద్య పరికరాల తయారీకి అంతర్జాతీయ నాణ్యతా ప్రమాణం) కాగితాలు మొదటిరోజు నుంచే రాయించు. ఆడిట్ ముందు రాత్రి కూర్చుని రాసేవి ఇట్టే దొరికిపోతాయి. స్టెరిలైజేషన్ (సూక్ష్మక్రిములు లేకుండా చేసే) ప్లాంటు సొంతంగా వద్దు, ఉన్నవాళ్లకు ఇచ్చి చేయించుకో.

ఇంకొకటి, నీకు రుచించనిది. నీ దగ్గర పని నేర్చినవాడు మానేసి పక్కనే షెడ్డు వేస్తాడు. నాకూ జరిగింది, మూడేళ్లు మాటలు మానేశాను, తెలివితక్కువగా. అమెరికాలోనే ఇండియానా రాష్ట్రంలో వార్సా అని చిన్న ఊరుంది. అక్కడ 1895లో డిప్యూ కంపెనీ విరిగిన ఎముకలకు కట్టే బద్దలు చేయడం మొదలుపెట్టింది. వాళ్ల సేల్స్ చూసే జిమ్మర్ 1927లో బయటికొచ్చి, అదే ఊళ్లో సొంత కంపెనీ పెట్టాడు. 1977లో బయోమెట్ కూడా అక్కడే పుట్టింది. ఇవాళ కీళ్ల ఇంప్లాంట్లంటే, అంటే ఒంట్లో అమర్చే కృత్రిమ కీళ్లంటే, ఆ ఊరి పేరే చెబుతారు.

డిజైన్ ఇప్పుడే పంపకు. ఏదైనా ఆస్పత్రి స్టోర్‌రూమ్‌లో ఒక పూట కూర్చుని, వాళ్లు దేన్ని తిట్టుకుంటున్నారో రాసి పంపు.

మీ మామయ్య