బోల్డ్ ఇటాలిక్ ఫాంటు వెబ్‌పేజీలో అలుక్కుపోయినట్టు వస్తే

లోపం మీ ఫాంటుది కాదు. బ్రౌజరు దాని మీద సొంతంగా ఇంకో బోల్డ్, ఇంకో వాలు వేస్తోంది. మీరు ఎక్కించింది అసలైన బోల్డ్ ఇటాలిక్ ఫైలే అయినా ఇంగ్లిష్ చిన్న 'e', 'a'ల లోపలి ఖాళీలు పూడుకుపోయి, అక్షరాలు పడిపోతున్నట్టు కనబడటం దీని గుర్తే.

1. సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) ఫాంట్-ఫేస్ బ్లాకు, అంటే మీ ఫాంటు ఫైలును పేజీకి పరిచయం చేసే @font-face భాగం, తెరవండి. ఫాంట్-వెయిట్: 700, ఫాంట్-స్టైల్: ఇటాలిక్ రెండూ అందులోనే ఉండాలి. చాలామంది వదిలేసేది ఇదే. శీర్షికకు రాశాం కదా, చాలనుకుంటారు. బ్లాకులో లేకపోతే, ఫైల్లో ఏమున్నా బ్రౌజరు దాన్ని 400 నార్మల్‌గానే లెక్కేస్తుంది. ఎచ్1 (పెద్ద శీర్షిక ట్యాగు) మామూలుగానే బోల్డ్ అడుగుతుంది కాబట్టి గీతల్ని లావు చేస్తుంది. ఇటాలిక్ కూడా అడిగితే, వాలి ఉన్నదాన్నే మళ్లీ వంచుతుంది.

2. ఫైలు ఎక్స్‌ట్రాబోల్డ్ అయితే 800, బ్లాక్ అయితే 900 రాయండి.

3. శీర్షిక రూలులోనూ అవే రెండు విలువలు పెట్టండి.

4. సరిచూడటానికి శీర్షిక రూలులో ఫాంట్-సింథసిస్: నన్ కలపండి; బ్రౌజరు సొంతంగా బోల్డ్, వాలు వేయకుండా ఇది ఆపుతుంది. అక్షరాల రూపం మారిందంటే బ్లాకు ఇంకా తప్పుగానే ఉన్నట్టు. మారకపోతే ఆ లైను తీసేయొచ్చు. శీర్షికలో తెలుగు కూడా ఉంటే మాత్రం ఉంచడమే మేలు, ఇటాలిక్ లేని తెలుగు ఫాంటును బలవంతంగా వంచితే గుడులూ కొమ్ములూ వికారంగా ఉంటాయి.

చివరి అక్షరం కొస తెగుతుంటే అది వేరే సంగతి: ఓవర్‌ఫ్లో హిడెన్ (బయటికి పొడుచుకొచ్చినదాన్ని దాచేసే సెట్టింగు) ఉన్న పెట్టెకు పాడింగ్-రైట్ 0.1ఈఎమ్ ఇవ్వండి.